కార్తె తప్పిన ఏడు పెరటితోట

రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో వాన పడుతుంది. మృగశిర, ఆరుద్ర ఎండతోనే పోతాయి. పుష్యమి దాకా గాలే తప్ప చినుకుండదు. మఖలోనో పుబ్బలోనో నెల రోజుల వాన రెండు రోజుల్లో కురిసిపోతుంది. నైరుతి రుతుపవనం కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1. 2025లో మే 24నే తాకింది. ఇలా కాలం ముందుకో వెనక్కో జరిగిన ఏడు అనంతపురం, కర్నూలు, కడప పెరళ్లలో మొక్కలు ఒక పద్ధతిలో ఉండవు. టమోటా ఒళ్లంతా పూసి ఒక్క పిందె కట్టదు. సొరతీగ మిద్దెంతా పాకి మగపూలే పూస్తుంది. గోంగూర జానెడు ఎత్తుకే మొగ్గ తొడుగుతుంది. ఎవరూ నీళ్లు పోయని నిమ్మచెట్టు మాత్రం విరగకాస్తుంది.

చాలామంది వెంటనే మందుల అంగడికి పోతారు. వీటిలో ఎక్కువ భాగం తెగుళ్లు కావు. రాత్రి వేడి, నీటి ఎగుడుదిగుడు, పగటి నిడివి: ఈ మూడింటిలో ఏది తప్పిందో తెలిస్తే మందు డబ్బులు మిగులుతాయి. ఏ మొక్కను కాపాడాలో, దేన్ని పీకేయాలో, దేన్ని ఊరికే వదిలేయాలో కూడా తెలుస్తుంది.

ముందు కొలవండి

రాత్రి వేడి కోసం కనిష్ఠ ఉష్ణోగ్రత గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి మొక్కల ఎత్తులో, నీడలో కట్టండి. ఫోన్లో కనిపించేది ఊరి అంకె, మీ పెరటిది కాదు. మన వైపు ప్రహరీలు, అరుగులు నాపరాయివి. పగలంతా ఎండ తాగిన బండ రాత్రి పది దాటినా వేడి వదులుతూనే ఉంటుంది. పడమటి ఎండ తగిలే గోడకు అడుగు దూరంలో ఉన్న కుండీ, పది అడుగుల అవతల మట్టిలో ఉన్న మొక్క ఒకే రాత్రిని చూడవు. ఒకే నారు ఒకచోట కాసి ఇంకోచోట కాయకపోతే మొదట గోడను అనుమానించండి.

వానకు నిటారు గోడలున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, స్కేలుతో లోతు కొలవండి. 25 మిల్లీమీటర్లు పడితే చదరపు మీటరుకు 25 లీటర్లు పోసినట్టు. అయితే పడిన వానంతా వేరుకు చేరదు. గట్టిపడిన ఎర్రనేల మీద జోరు వాన పారిపోతుంది. అందుకే వాన తగ్గాక ఇనుప చువ్వ గుచ్చి చూడండి. జానెడు దిగకపోతే, డబ్బా ఏం చెప్పినా మొక్కకు వాన పడనట్టే.

పగటి నిడివికి కొలత అక్కర్లేదు. అనంతపురంలో జూన్ 21న పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరు 21న 11 గంటల పావు. తేడా గంటా ముప్పావుకు మించదు కానీ కొన్ని మొక్కల పూత మొత్తం దాని మీదే ఆధారపడుతుంది.

టమోటా

పూత రాలడం దగ్గర మొదలుపెడదాం. పువ్వు కాడ మధ్యలో ఉబ్బినట్టుండే కణుపు పసుపెక్కి, పువ్వు అక్కడికి తెగి రాలుతుంటే అది వేడి పని. పగలు 35 డిగ్రీలు, రాత్రి 22–24 డిగ్రీలు దాటితే పుప్పొడి బలం పోతుంది. ఎరువు వేసినా హార్మోను చల్లినా చచ్చిన పుప్పొడి లేవదు. చేయగలిగినవి ఇవి:

1. 35 శాతం నీడనిచ్చే వల (షేడ్‌నెట్) 6–7 అడుగుల ఎత్తున, పడమటి వైపు కాస్త కిందికి దించి కట్టండి. 75 శాతం వల కడితే మొక్క చల్లగా ఉంటుంది, కానీ సాగిపోయి పూత తగ్గుతుంది.
2. పొద్దున 8–10 గంటల మధ్య పూల గుత్తి కాడను వేలితో నాలుగైదుసార్లు తట్టండి. రాత్రి కాస్త చల్లబడిన రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది.
3. యూరియా, జీవామృతం ఆపండి. పిందె లేని మొక్కకు నత్రజని ఇస్తే ఆకే పెరుగుతుంది.
4. జూలై దాకా పిందె కట్టకపోయినా మొక్క ఆరోగ్యంగా ఉంటే పీకొద్దు. అడుగున్నర ఎత్తుకు కత్తిరించండి. అడుగున నాలుగైదు ఆకులైనా మిగలాలి. మొదట్లో రెండు గుప్పిళ్లు మాగిన దిబ్బెరువు వేసి తడపండి. రాత్రులు చల్లబడే వేళకు కొత్త కొమ్మలు పూతకొస్తాయి. పిందె పడ్డాక పండడానికి ఇంకో 40–55 రోజులు.

ఆకు ముడుచుకోవడం రెండు రకాలు. కింది ముదురాకులు మాత్రమే నిలువుగా, గొట్టంలా చుట్టుకుని, మందంగా, పచ్చగానే ఉండి, కొనలో చిగురు మామూలుగా ఉంటే అది ఎండకు మొక్క చేసుకున్న ఏర్పాటు, వదిలేయండి. చిగురే చిన్నదై, పైకి దొప్పలా ముడిచి, అంచులు పసుపెక్కి, మొక్క గిడసబారితే తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు. సంచి కప్పి, దోమ ఎగరకుండా పీకి కాల్చేయండి. ఒక్క మొక్క మీద జాలిపడితే పదిహేను రోజుల్లో మడి మొత్తం పోతుంది.

కాయ అడుగున నల్లగా, అణిగి, తోలులా మచ్చ పడితే అది పురుగూ కాదు, బూజూ కాదు. కాయ కొసకు కాల్షియం చేరలేదన్నమాట. అయితే కొరత నేలలో ఉండదు. కాల్షియం నీళ్లతో పాటే కదులుతుంది. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచెత్తితే అది ఆకుల దాకా పోతుంది గానీ కాయ కొసకు అందదు. బోరు నీళ్లు మరిగించిన గిన్నెలో తెల్లగా పేరుకునేదాంట్లో ఎక్కువ భాగం కాల్షియమే. అందుకని గుడ్డు పెంకుల పొడి, సున్నపు తేట వెతుక్కోనక్కర్లేదు. ఎప్సమ్ సాల్ట్ అయితే చెడుపే చేస్తుంది. అందులోని మెగ్నీషియం కాల్షియానికి అడ్డుపడుతుంది. మచ్చపడిన కాయలు తెంపేసి, నీళ్లు ఒక లెక్కలో పెట్టండి. నేలలో కాపు మీదున్న మొక్కకు రోజు విడిచి రోజు 4–5 లీటర్లు, 15 అంగుళాల కుండీకి రోజూ 2–3 లీటర్లు. రెండు అంగుళాలు వేలు పెట్టి చూసి, తడి ఉంటే ఆ పూట మానండి.

పగుళ్లు దీనికి అన్నదమ్ములే. బెట్టలో తొక్క గట్టిపడుతుంది, వాన పడగానే లోపలి గుజ్జు ఉబ్బుతుంది, తొక్క చిట్లుతుంది. మబ్బు పట్టిందంటే అడుగున లేత గులాబీ రంగు తిరిగిన కాయలన్నీ కోసేయండి. గంపలో కాగితం పరిచి నీడలో పెడితే నాలుగైదు రోజుల్లో పండుతాయి, రుచి పెద్దగా తగ్గదు. ఎండలో పెట్టొద్దు. 30 డిగ్రీలు దాటితే టమోటాలో ఎర్ర రంగు తయారవదు. ఏప్రిల్, మే కాయలు పసుపు, నారింజ రంగులో ఆగిపోయేది అందుకే. అలాంటి కాయ ఎర్రబడాలని చెట్టు మీదే ఉంచితే మెత్తబడి కుళ్లుతుంది.

సొర, బీర, కాకర, దోస

తీగలకు ఎండ, పొడుగాటి పగలు, ఎక్కువ నత్రజని కలిస్తే మగపూలే. మేలో పడిన వానకు మురిసి విత్తి, పేడనీళ్లు ధారగా పోసిన తీగ జూలై దాకా ఇలాగే ఉంటుంది. నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు. సొరకు 6–8 ఆకులొచ్చాక కొన తుంచండి. ఆడపూలు ఎక్కువగా పక్కకొమ్మల మీద వస్తాయి. కొత్తగా విత్తేవాళ్లు మొక్క 2–4 ఆకుల మీదున్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఒక్కసారి ఆకుల మీద కొట్టండి. ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి.

ఆడపూలున్నా పిందె పసుపెక్కి మూడు నాలుగు రోజుల్లో వడిలిపోతే పరాగం అందలేదు. వరసగా వాన పడినా, వడగాలి వీచినా తేనెటీగలు రావు. మీరే చేయాలి, అయితే వేళ తెలిసి చేయాలి. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, కాబట్టి పొద్దువాలాక 5.30 నుంచి 7.30 లోపు. కాకర, దోస, గుమ్మడి, నేతిబీర పొద్దున, 9 గంటల లోపు. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంచి, రెక్కలు తీసేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్య మెత్తగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. పొద్దున లేచి సొరపూలకు రాస్తే అవి అప్పటికే వాడిపోయి ఉంటాయి. ఈ పని కుదరలేదనేవాళ్లలో సగం మంది పొరపాటు ఇదే.

పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క, దాని చుట్టూ జిగురు, లోపల తెల్ల పురుగు ఉంటే పండు ఈగ. అది వాన తర్వాత ఉధృతమవుతుంది. రాలిన పిందెల్ని దిబ్బలో వేయకండి. మరిగే నీళ్లు పోసో, మూతికట్టిన ప్లాస్టిక్ సంచిలో వారం ఎండబెట్టో చంపాలి. క్యూలూర్ ఎర బుట్ట ఒకటి ఇంటి పెరటికి సరిపోతుంది. మామిడి, జామలకు పెట్టే మిథైల్ యూజినాల్ ఎర తీగల ఈగకు పనికిరాదు. అంగట్లో అడిగి తీసుకోండి.

చేదు సంగతి కాస్త ఆగి చదవండి. బెట్ట, వేడి తిన్న తీగల కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరగొచ్చు. దోసకాయలో అది తొడిమ దగ్గర, తొక్కలో ఉంటుంది. కోసి పారేసి, మిగతాది రుచి చూసి చేదు లేకపోతే వాడుకోవచ్చు. సొరకాయ సంగతి వేరు. వండేముందు తొడిమ వైపు చిన్న ముక్క కోసి నాలుకకు తాకించి ఉమ్మేయండి. చేదుంటే కాయ మొత్తం పారేయాలి. ఉడికించినా చేదు విషం పోదు. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులైనవాళ్లు, ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు. పప్పులో కలిసిపోతుందిలే అనుకోవద్దు.

మిరప, వంగ, బెండ

మిరపాకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిచి కాడలు సాగితే నల్లి. ఎండ ఎక్కువున్న పొడి వాతావరణంలో తామర పురుగు చెలరేగుతుంది. పై ముడతకు వేపనూనె (1500 పీపీఎం) లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా వారానికోసారి. కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. పగలు 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొడితే ఆకు కాలుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా వద్దు. తీగజాతి మొక్కల మీద అసలే వద్దు. మబ్బులు పట్టి వరసగా వానలొస్తే తామర పురుగు చాలావరకు తనంతట తానే తగ్గుతుంది, ఆ వారం మందు దండగ.

వంగపువ్వును దగ్గరగా చూడండి. మధ్యలో ఉన్న కీలం పసుపు కేసరాలను దాటి బయటికి పొడుచుకొస్తే కాయ కడుతుంది. లోపలే కురచగా ఉంటే కట్టదు. బెట్టలో కురచ పూలు ఎక్కువ. నీళ్లు సరిచేసిన రెండు మూడు వారాలకు పూత మారుతుంది. ముదిరిన వంగను ఆగస్టులో అడుగు ఎత్తుకు నరికి ఎరువు వేస్తే చలికాలం మళ్లీ కాస్తుంది. కొన వాలిన కొమ్మల్లో పురుగుంటుంది కాబట్టి వాటిని రెండంగుళాలు కిందికి తుంచి కాల్చండి.

బెండకు ఈనెలు పసుపెక్కితే పల్లాకు తెగులు. పీకేసి ఆ చోట మటిక్కాయలో (గోరుచిక్కుడు) అలసందలో వేయండి. ఈ రెండూ ఎండకు తట్టుకున్నంత మరేదీ తట్టుకోదు.

క్యాలెండరు చూసి పూసేవి

అనపతీగ, పాతరకం చిక్కుడు, కంది పగలు పొట్టిబడితేనే పూస్తాయి. మేలో విత్తినా ఆగస్టులో విత్తినా పూత అక్టోబరు, నవంబరుకే. ముందు విత్తినవాళ్లకు దక్కేది ఎక్కువ ఆకు, కూలిపోయే పందిరి. పూయలేదని తీగ పీకకండి. సెప్టెంబరు మొదట్లో మూడో వంతు కత్తిరించి, ఎండుతీగలు తీసి వదిలేయండి. రాత్రంతా వీధి దీపం వెలుగు పడే వైపు పూత ఆలస్యమైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. తీగకు అది పొడుగాటి పగలు. ఆ వైపు పాత గోనె కట్టి చూడండి.

గోంగూరదీ అదే స్వభావం, ఫలితం తలకిందులు. వాన ఆలస్యమైందని సెప్టెంబరులో చల్లితే మొక్క ఎదగకముందే పొట్టి పగళ్లు వచ్చి జానెడుకే పూస్తుంది. ఆ నెలలో గోంగూర మానేసి మెంతి, పాలకూర చల్లుకోవడం మేలు. కొత్తిమీర దీనికి విరుద్ధం, వేడికి కాడేస్తుంది. నేల చల్లబడేదాకా ఆగి, ధనియాలను చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి.

పండ్ల చెట్లు

నిమ్మ విరగకాయడంలో వింతేమీ లేదు. బెట్ట తర్వాత వాన పడటం దానికి పూత పిలుపు. చీనీ తోటల్లో రైతులు కావాలని నీళ్లు ఆపి చెట్టును బెట్టకు గురిచేసేది దీనికోసమే. మే వానకు వచ్చిన పూత నవంబరు, డిసెంబరులో కోతకొస్తుంది. అప్పుడు నిమ్మకు ధర ఉండదు, ఊరగాయకు మాత్రం మంచి అదను. పూత, పిందె, కాయ ఒకే కొమ్మ మీదుంటే లేతచెట్టుకు పిందెలు సగం దులిపేయండి. గజ్జి మచ్చలున్న కొమ్మలు తీసి, వాన తెరిపిచ్చాక బోర్డో మిశ్రమం 1 శాతం (లీటరుకు మైలుతుత్తం 10 గ్రాములు, పొడి సున్నం 10 గ్రాములు) కొట్టండి.

సీతాఫలం మీద నల్లగా, రాయిలా బిగిసిన చిన్నకాయలు కనిపిస్తే అవి వాన తర్వాత వచ్చిన బెట్టలో ఎదుగుదల ఆగినవి. మళ్లీ ఎదగవు, తెంపేయండి. దానిమ్మ పగులు టమోటా పగులు లాంటిదే. నీటి లెక్క ఒక్కటే మార్గం. మునగ మాత్రం తడి ఎక్కువైతే పూత రాల్చుకుంటుంది, దాని పాదులో నీళ్లు నిలవనీయకండి. మామిడికి అక్టోబరు, నవంబరులో వాన పడి కొత్త చిగురొస్తే ఆ కొమ్మ ఆ ఏడు పూయడం అనుమానమే. బంగినపల్లి చెట్టున్నవాళ్లు వాన ఆగాక పాదుకు నీళ్లు పూర్తిగా మాని, పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ పెట్టాలి.

ముంచెత్తిన వాన తర్వాత

నేల తడిగా ఉండి మొక్క వాడితే నీళ్లు పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వేరుకు గాలి ఆడక వాడుతోంది. ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ. అడుగు లోతు కాలవ తీసి నీళ్లు బయటికి పంపండి, పై మట్టి ఆరగానే రెండంగుళాలు గీరండి. తర్వాతి పంటకు మడి జానెడు ఎత్తుగా కట్టుకోండి.

కొత్త చిగురు పసుపు రంగులో ఉండి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందలేదు. మన సున్నపు నేలల్లో, అదీ నీళ్లు నిలిచాక, కరివేపాకులోనూ నిమ్మలోనూ ఇది మామూలు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి అప్పటికప్పుడే, వారం తేడాతో రెండుసార్లు కొట్టండి. నిలవ ఉంచితే తుప్పు రంగుకు మారి పనిచేయదు.

ఎండకైనా వానకైనా కాచేది నేల మీది కప్పు. చెనక్కాయ పొట్టు మూడంగుళాల మందం పరిస్తే తడి నిలుస్తుంది, జోరు వానకు మట్టి కొట్టుకుపోదు. కొత్త పొట్టును వారం రోజులు ఎండలో పరిచి వాడండి. చేనులోని కాండం కుళ్లు బూజు దాంతో రావచ్చు. మొక్క మొదలుకు మూడంగుళాలు ఎడం వదలండి. ఎర్రనేలలో చెదలు పడతాయి కాబట్టి కింద చదరపు మీటరుకు 200 గ్రాముల వేపపిండి చల్లండి.

మూడు టమోటాలు, నాలుగు బెండలు

ఇలాంటి ఏడు కోత గంపలతో రాదు, గుప్పిళ్లతో వస్తుంది. రోజు విడిచి రోజు కోయండి. ఒక్క బెండ, ఒక్క దోస ముదిరినా మొక్క గింజ మీదికి మళ్లి కొత్త పూత తగ్గిస్తుంది. పగిలిన టమోటా ఆ పూటే వండేయాలి. తీగకు మిగిలిన పచ్చి టమోటా వేయించిన చెనక్కాయలతో నూరే ఊరిబిండి పచ్చడికి పనికొస్తుంది. నాలుగు రోజులు పొడి ఎండ ఉంటేనే వరుగులు పెట్టండి. టమోటా అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, పాత చీర కప్పి ఆరబెడితే కిలోకు 60–80 గ్రాములు తేలుతాయి. విరిచినప్పుడు పుటుక్కుమనాలి, వంగిందంటే బూజు పడుతుంది. మబ్బు రోజుల్లో మిరపకాయలే నయం. పావుకిలో కాయలకు గాటు పెట్టి, అరలీటరు పుల్లమజ్జిగ, 30 గ్రాముల ఉప్పులో రాత్రి నానబెట్టి, పగలు కాయలు తీసి ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ ఆ మజ్జిగలోనే వేయండి. మజ్జిగ ఇంకిపోయాక గలగలలాడేదాకా ఎండాలి.

విత్తనానికి కాయ ఎంచుకోవాల్సింది ఈ ఏడే. మే వేడిలో కూడా పిందె నిలిపిన నాటు టమోటా మొక్క ఏదైనా ఉంటే దానికి గుడ్డపేలిక కట్టి, రెండో గుత్తిలోని కాయ పూర్తిగా పండనివ్వండి. గింజల్ని రసంతో పాటే రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టండి. హైబ్రిడ్ అయితే ఈ శ్రమ వద్దు. చేదు కాయ కాసిన సొరతీగ నుంచి ఒక్క గింజ కూడా దాచకండి. పొట్లం మీద రకం పేరుతో పాటు విత్తిన తేదీ, మొదటి పిందె నిలిచిన తేదీ, మధ్యలో ఎన్ని రోజులు వాన లేదో రాసి బూడిద కలిపిన డబ్బాలో పెట్టండి.